ఈగకు బూజు పట్టిస్తే: గోదావరి డెల్టాలో ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

క్లుప్తంగా: కీటకాలను చంపే బూజులు (శిలీంధ్రాలు) ఇంటి ఈగనూ చంపుతాయి. కాని అవి కొట్టగానే ఈగ రాలిపోయే మందులు కావు, ఈగకు రోగం అంటించే జీవులు. రెక్కలొచ్చిన ఈగ మీద బాగా పనిచేస్తాయి, పెంటలో పెరిగే ఈగ పిల్ల పురుగు మీద అంతగా పనిచేయవు. డెల్టాలో వాటికి వానాకాలం, చలికాలం అనుకూలం, నడి వేసవి కష్టం. పెంటలో తడి తగ్గించకుండా బూజు ఒక్కటే ఏ షెడ్డునూ గట్టెక్కించలేదు.

తొలకరి పడగానే వచ్చే ఫిర్యాదు

రోహిణి కార్తె ఎండలు తగ్గి నాలుగు చినుకులు పడ్డాయంటే డెల్టా గ్రామాల్లో అందరి నోటా ఒకటే మాట: కంచం ముందు కూర్చుంటే ఈగలు తిననివ్వడం లేదు. అప్పటికి మామిడిపళ్ల తొక్కలు, పనసతొనల పిప్పి, ముంజకాయల డొక్కలు వీధి చివర కుళ్లుతూ ఉంటాయి. పాకల దగ్గర పేడకుప్పలు తడుస్తాయి. అయితే అనపర్తి, బిక్కవోలు, మండపేట, తణుకు, పెరవలి చుట్టుపక్కల ఊళ్లలో ఈగల లెక్కను ఎక్కువగా తేల్చేది గుడ్ల కోళ్ల ఫారాలే.

ఒక గుడ్ల కోడి రోజుకు 100 గ్రాములకు పైగా పెంట వేస్తుంది. లక్ష కోళ్లున్న ఫారంలో అది రోజుకు పది టన్నుల పైమాటే. ఎత్తు మీద కట్టిన పంజరాల (కేజ్) షెడ్లలో ఈ పెంట కింద నెలల తరబడి పేరుకుంటుంది. తాజా పెంటలో 75 నుంచి 80 శాతం నీరే. ఎండాకాలంలో కోడి ఎక్కువ నీళ్లు తాగుతుంది కాబట్టి పెంట ఇంకా పలచబడుతుంది. నిపిల్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టపు మొన) నుంచి నీరు కారినా, దాణాలో ఉప్పు ఎక్కువైనా అంతే. పైగా డెల్టాది నీరు ఇంకని బరువైన నేల. వానాకాలంలో భూగర్భజలం దాదాపు పైదాకా వచ్చేస్తుంది. షెడ్డు అడుగు ఎత్తుగా లేకపోతే పెంట కింది నుంచి కూడా తడుస్తుంది.

ఈగకు కావలసింది సరిగ్గా ఇదే. ఆడ ఈగ ఒక విడతకు 100 నుంచి 150 గుడ్లు పెడుతుంది, జీవితకాలంలో ఇలాంటి విడతలు నాలుగైదు ఉంటాయి. వెచ్చని వాతావరణంలో గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది. తెల్ల పురుగు నాలుగైదు రోజులు తిని, కాస్త పొడిగా ఉన్న అంచుకు పాకి, గోధుమరంగు గుళికలాంటి ప్యూపాగా మారుతుంది. మరో నాలుగైదు రోజులకు రెక్కలతో బయటికి వస్తుంది. మొత్తం పది రోజుల పని. అంటే కంటికి కనిపించే ఈగలు కొన్నే. అంతకు ఎన్నో రెట్లు పెంటలోనే గుడ్లుగా, పురుగులుగా, ప్యూపాలుగా ఉంటాయి. మందు కొట్టిన మూడో రోజుకే షెడ్డు మళ్లీ ఈగలతో నిండడానికి కారణం అదే.

ఈగలు ఎక్కువగా ఒకటి రెండు కిలోమీటర్ల లోపే తిరుగుతాయి, అవసరమైతే ఇంకా దూరమూ పోగలవు. డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య అంత దూరం కూడా ఉండదు. పెంట కూడా షెడ్డులోనే ఉండిపోదు. లారీల్లో చేపల చెరువులకు, కొబ్బరి తోటలకు వెళ్తుంది. చెరువు గట్టు మీద కుప్ప పోసి వదిలేసిన పెంట వానకు తడిస్తే, దానితో వచ్చిన ప్యూపాలు అక్కడ రెక్కలు విప్పుతాయి. ఫారం లేని ఊరికి కూడా ఈగల బాధ వచ్చే దారి ఇదొకటి.

దీన్ని చిరాకు విషయంగా మాత్రమే చూడకూడదు. ఈగ మలం మీదా వాలుతుంది, అన్నం మీదా వాలుతుంది. ఘనపదార్థాన్ని తినాలంటే ముందు దాని మీద తన నోటి ద్రవాన్ని కక్కి, కరిగించి పీలుస్తుంది. విరేచనాలు, రక్తవిరేచనాలు, టైఫాయిడ్ కలిగించే క్రిములు ఇలా ప్రయాణం చేస్తాయి. పాకిస్తాన్ పల్లెల్లో ఈగలను అదుపు చేసి చూసిన పరిశోధన ఒకటి 1999లో వెలువడింది. ఆ ఊళ్ల చిన్నపిల్లల్లో విరేచనాలు సుమారు 23 శాతం తగ్గినట్టు అందులో తేలింది.

మందులకు ఈగ ఎందుకు లొంగడం లేదు

డీడీటీ వాడకంలోకి వచ్చిన కొద్ది సంవత్సరాలకే, 1940ల చివరికల్లా, ఐరోపాలో దానికి చావని ఈగలు కనిపించాయి. డీడీటీ ఈగ నాడుల్లో సంకేతాలను నడిపించే సోడియం ద్వారాల మీద పనిచేస్తుంది. ఇప్పుడు ఇళ్లలో, షెడ్లలో ఎక్కువగా వాడే పైరిత్రాయిడ్లదీ అదే గురి. ఆ ద్వారం ఆకారంలో చిన్న మార్పుతో పుట్టిన ఈగకు రెండూ పట్టవు. నెలకు రెండు మూడు తరాలు దాటే జీవిలో ఇలాంటి మార్పు వ్యాపించడానికి ఎక్కువ కాలం పట్టదు.

చాలా ఏళ్లు ఈగల మందుగా వాడిన డైక్లోర్వాస్ (నువాన్ పేరుతో ఎక్కువమందికి తెలిసినది) 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధంలో ఉంది. ఇక మిగిలినవి చక్కెర ఎర మందులు, పెంటలోని పురుగును పెద్దది కానివ్వకుండా దాణాలో కలిపే సైరోమజిన్ లాంటివి. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే వీటికీ అదే గతి పడుతుంది. బూజుల వైపు చూపు మళ్లడానికి ఈ నేపథ్యమే కారణం.

బూజు ఈగను ఎలా చంపుతుంది

ఈగల మీద ఎక్కువగా పరీక్షించినవి రెండు: బవేరియా బాసియానా, మెటారైజియం. డెల్టా రైతులకు ఈ పేర్లు కొత్తవి కావు, ఎరువుల కొట్లలో ప్యాకెట్లుగా దొరుకుతున్నవే.

రసాయన మందు చాలావరకు నాడుల మీద దెబ్బ కొడుతుంది. బూజు దారి వేరు. దాని సిద్ధబీజాలు (విత్తనాల్లా మొలకెత్తే సూక్ష్మ కణాలు) ఈగ ఒంటికి అంటుకుంటాయి, తగినంత తేమ దొరికితే మొలకెత్తుతాయి. మొలక తన ఎంజైములతో ఈగ పైపెంకులోని కొవ్వును, మాంసకృత్తులను, కైటిన్‌ను కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. ఈగ దాన్ని తినాల్సిన పని లేదు, తగిలితే చాలు. లోపలికి చేరాక రక్తంలో చిన్న కణాలుగా పెరిగి పోషకాలను లాగేస్తుంది, విషాలను వదులుతుంది. ఈగ సాధారణంగా నాలుగు నుంచి ఏడు రోజుల్లో చస్తుంది. గాలిలో తేమ బాగా ఉంటే శవం మీద కొత్త బీజాలు పూస్తాయి. బవేరియా అయితే తెల్లగా పిండి చల్లినట్టు, మెటారైజియం అయితే పచ్చగా కనిపిస్తుంది.

ఈగ వాలిన చోటల్లా ముందు కాళ్లు నలుపుకుంటుంది. ఆ అలవాటుతో కొన్ని బీజాలు రాలిపోతాయి, కొన్ని కాళ్ల నుంచి తలకు, రెక్కలకు పాకుతాయి. బీజాలు పట్టిన ఈగ మరో ఈగతో జతకట్టినప్పుడు కూడా కొన్ని అంటుకుంటాయి.

ఈ జ్ఞానం మొదలైంది ఈగతో కాదు, పట్టుపురుగుతో. ఇటలీకి చెందిన అగోస్టినో బాసి పట్టుపురుగులను తెల్లగా గట్టిపడేలా చేసి చంపే రోగానికి కంటికి కనబడని ఒక జీవే కారణమని 1835లో చూపించాడు. ఆ బూజుకే తర్వాత ఆయన పేరు పెట్టారు. మన పట్టు రైతులు సున్నపుకట్టు రోగం అనేది దాన్నే. 1879లో రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ గోధుమ పంటను తినే పెంకుపురుగు మీద పచ్చ బూజును ప్రయోగించాడు. ఇప్పటి మెటారైజియం అదే. ఒకచోట నష్టం చేసిన జీవిని మరోచోట పనికి పెట్టే ఆలోచన అప్పటి నుంచీ సాగుతోంది.

కోనసీమ కొబ్బరి చెబుతున్న పాఠం

ఈగ సంగతి అర్థం కావాలంటే కొబ్బరి తోట వైపు ఒకసారి చూడాలి. కొమ్ము పురుగు పిల్లలు పెంటకుప్పల్లోనే పెరుగుతాయి కాబట్టి ఆ కుప్పల్లో మెటారైజియం కలపమని కొబ్బరి రైతులకు చాలాకాలంగా సలహా ఉంది. 2016 తర్వాత సర్పిలాకార తెల్లదోమ కొబ్బరిని, ఆయిల్ పామ్‌ను కమ్ముకున్నప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇసారియా అనే బూజును పెంచి రైతులకు అందించింది. ఈ రెండు అనుభవాల వల్ల డెల్టాలో బూజుల మీద నమ్మకం ఏర్పడింది. అదే బూజును కోళ్ల పెంట మీద చల్లితే ఈగ పురుగు కూడా పోతుందని అనుకోవడం సహజం. పొరపాటు జరిగేది ఇక్కడే.

కొమ్ము పురుగు పిల్ల కుప్పలో నెలల తరబడి ఉంటుంది. బూజు నిదానంగా పట్టి చంపడానికి దానికి కావలసినంత సమయం దొరుకుతుంది. తెల్లదోమ పిల్ల ఆకు అడుగున కదలకుండా అతుక్కుని ఉంటుంది, పిచికారీ నేరుగా దాని మీద పడుతుంది, ఆకే దానికి ఎండ నుంచి నీడ. ఈగ పురుగుకు ఈ రెండూ వర్తించవు. పెంటలో అది ఉండేదే నాలుగైదు రోజులు. ఆలోపు రెండుసార్లు చర్మం వదులుతుంది, చర్మంతో పాటు అంటిన బీజాలూ ఊడిపోతాయి. తాజా కోడిపెంటలో అమోనియా ఎక్కువ, బూజును ఎదగనివ్వని బాక్టీరియా కోట్ల సంఖ్యలో ఉంటుంది. ప్రయోగశాలలో పురుగును చంపిన బూజు పెంటలోకి వచ్చేసరికి బలహీనపడటానికి కారణాలివి. ఆ తర్వాతి ప్యూపా దశలో గట్టి పెంకు ఉంటుంది, దాన్ని ఛేదించడం ఇంకా కష్టం.

కాబట్టి కొబ్బరి పద్ధతిని ఉన్నదున్నట్టు కోళ్ల షెడ్డుకు తెచ్చిపెట్టడం కుదరదు. ఈగ విషయంలో బూజు గురి రెక్కలొచ్చిన ఈగే కావాలి. అది రాత్రి వాలే చోట్లు దాదాపు మారవు: దూలాలు, వేలాడే తాళ్లు, కరెంటు తీగలు, పంజరాల పైకమ్ములు. వాటి మీద ఈగలు వదిలిన మచ్చలు చిక్కగా ఉన్న చోటే పిచికారీ పడాలి. చక్కెర లేదా బెల్లం ఎరలో బీజాలు కలిపి పెట్టడం రెండో దారి. ఎర కోసం వాలిన ఈగ కాళ్లకు, ఒంటికి బీజాలు అంటుతాయి. పెంట మొత్తం మీద చల్లితే ఖర్చు పెరుగుతుంది తప్ప ఫలితం రాదు.

డెల్టా వాతావరణం: తేమ సరే, వేడి సంగతి?

ఈ బూజులకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి హాయి. 35 దాటితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. నేరుగా ఎండ తగిలితే బీజాలు కొన్ని గంటల్లోనే చచ్చిపోతాయి. దీన్నిబట్టి చూస్తే జూలై నుంచి జనవరి చివరి దాకా డెల్టా వాతావరణం బూజుకు బాగా అనుకూలం. కాలువల తేమ, సముద్రపు గాలి, రెండు ఋతుపవనాల వానలు అన్నీ కలిసివస్తాయి. షెడ్డు లోపల ఎండ కూడా పడదు. ఏప్రిల్, మే నెలల్లో రాజమహేంద్రవరం వైపు 40 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

వేడిని ఈగ తన రక్షణకు కూడా వాడుకుంటుంది. కొన్ని కీటకాల్లాగే, బూజు సోకిన ఈగ కూడా వేడిగా ఉన్న చోటును వెతుక్కుని కూర్చుంటుంది. మనకు జ్వరం వచ్చినట్టు అది బయటి వేడితో తన ఒంటిని వెచ్చబెట్టుకుని బూజును అణచుకుంటుంది. సిమెంటు రేకుల కప్పు ఉన్న షెడ్డులో మధ్యాహ్నం అలాంటి చోటు ఈగకు సులువుగా దొరుకుతుంది. సాయంత్రం పిచికారీ చేస్తే రాత్రి చల్లదనంలో బీజాలు మొలకెత్తడానికి పది పన్నెండు గంటలు దొరుకుతాయి. సాయంత్రమే కొట్టాలనే సలహా వెనుక ఉన్న కారణం ఇది.

ఈగలకు ప్రత్యేకమైన మరో బూజు కూడా ఉంది, ఎంటమాఫ్తోరా మస్కే. చల్లని దేశాల్లో ఇది తనంతట తానే ఈగలను గుంపులుగా చంపుతుంది. సోకిన ఈగ పొద్దుగూకే వేళ ఎత్తైన చోటుకు ఎక్కి, నోటి గొట్టాన్ని కిందికి అతికించి, రెక్కలు పైకెత్తి ఆ భంగిమలోనే చచ్చిపోతుంది. ఆ తర్వాత బూజు పొట్ట పలకల మధ్య నుంచి బయటికి వచ్చి బీజాలను తుపాకీ పేల్చినట్టు చిమ్ముతుంది. శవం చుట్టూ తెల్లటి వలయం పడుతుంది. చూడటానికి అద్భుతంగా ఉన్నా వాడకానికి కష్టమైన బూజు ఇది. ప్రయోగశాలలో పెంచడం సులువు కాదు, బీజాలు ఎక్కువసేపు నిలవవు, మన వేడి దానికి పడదు. బవేరియాను బియ్యం గింజల మీద కూడా పెంచి, ఎండబెట్టి, ప్యాక్ చేయవచ్చు. వ్యాపారంలోకి అదే రావడానికి కారణం ఇదే.

నిదానంగా చంపడం లోపమేనా?

బూజు మీద వినిపించే ప్రధాన విమర్శ ఆలస్యం. కొట్టిన మర్నాడు ఈగలు అలాగే తిరుగుతుంటాయి, డబ్బు వృథా అయిందనిపిస్తుంది. ఇక్కడ రోజుల లెక్క చూడాలి. పెంట నుంచి బయటికి వచ్చిన ఆడ ఈగ వెంటనే గుడ్లు పెట్టదు, కనీసం రెండు మూడు రోజులు, తరచుగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. మొదటి రోజుల్లోనే బీజం అంటితే అది ఒకటో రెండో విడతలు పెట్టేసరికి చచ్చిపోతుంది. రోగం ముదిరిన ఈగ తిండి కూడా తగ్గిస్తుంది. అంటే నాలుగైదు విడతల గుడ్లు ఒకటి రెండుకు పడిపోతాయి. ఇది ఒక్క రోజులో కనిపించదు, రెండు మూడు వారాలకు, తర్వాతి తరంలో కనిపిస్తుంది. అందుకే ఒకసారి కొట్టి వదిలేస్తే ఉపయోగం ఉండదు. కొత్త ఈగలు వస్తున్నంత కాలం వారం వారం కొట్టాలి.

ఇంకో లాభం ఉంది. పెంటలో ఈగ గుడ్లను, చిన్న పురుగులను తినే నల్లని చిన్న పెంకుపురుగులు ఉంటాయి. ప్యూపాలో గుడ్డు పెట్టి లోపలి ఈగను తినేసే కందిరీగ జాతి చిన్న కీటకాలూ ఉంటాయి. రసాయన మందు వీటినీ చంపేస్తుంది, దాంతో ఈగకు అడ్డు లేకుండా పోతుంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గుడ్ల కోళ్ల షెడ్లలో బవేరియాను, పైరెత్రిన్ మందును పోల్చి చూశారు. బవేరియా వాడిన షెడ్లలో ఈగలు తక్కువగా, వాటిని తినే పెంకుపురుగులు ఎక్కువగా ఉన్నాయి. అసలు లాభం ఈ రెండో ఫలితంలోనే ఉంది. షెడ్డులోని సహజ శత్రువులు బతికుంటే మిగిలిన పనిలో చాలాభాగం అవే చేస్తాయి.

బూజుకు నిరోధకత అసలు రాదని చెప్పడం అతిశయోక్తి. కాని బూజు చాలా దారుల్లో ఒకేసారి దాడి చేస్తుంది. ఒక ద్వారం ఆకారం మార్చుకుని తప్పించుకోవడం ఈగకు అంత సులువు కాదు.

షెడ్డులో బూజును చంపే పనులు

క్రిములు పోవాలని పెంట మీద సున్నం చల్లడం, షెడ్డులో ఫార్మలిన్ లేదా బ్లీచింగ్ కొట్టడం ఫారాల్లో మామూలే. ఇవి బూజు బీజాలనూ చంపుతాయి. వీటినీ, బూజు పిచికారీనీ ఒకే వారంలో చేస్తే ఒకదాని ఖర్చు వృథా అయినట్టే. ప్యాకెట్‌ను రేకుల గదిలో, మోటారు షెడ్డులో వేసవంతా ఉంచితే లోపల మిగిలేది పొడి మాత్రమే. మార్కెట్లో సాధారణంగా దొరికే 1.15 శాతం బవేరియా పొడిలో గ్రాముకు కనీసం 10 కోట్ల బతికున్న బీజాలు ఉండాలి. తయారీ తేదీ, గడువు, నిల్వ ఉంచిన చోటు చూడకుండా కొంటే ఆ సంఖ్య కాగితం మీదే ఉంటుంది.

లేబుల్ సంగతి కూడా చూడాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద జీవ మందులకూ నమోదు తప్పనిసరి, ఏ పురుగు మీద వాడాలో అందులోనే ఉంటుంది. పొలాల కోసం అమ్మే ప్యాకెట్లు పంటల పురుగుల పేరుతో నమోదైనవి. షెడ్డులో వాడే ముందు పశువైద్యుడిని, జీవ నియంత్రణ ప్రయోగశాలను అడగడం అవసరం.

మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు, కోడిది 41 దాకా ఉంటుంది. ఆ వేడిలో ఈ బూజులు నిలదొక్కుకోవు కాబట్టి రోగం భయం చాలా తక్కువ. అయినా పొడి పీలిస్తే ఆస్తమా ఉన్నవారికి ఇబ్బంది రావచ్చు, మాస్కు లేకుండా కలపకూడదు. పట్టుపురుగుల గదుల దగ్గర మాత్రం బవేరియా వాడకూడదు. పిఠాపురం దగ్గర చేబ్రోలు లాంటి పట్టు ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు, ఈగ కోసం చల్లిన బూజు పక్కింటి పట్టుగూళ్లను తుడిచిపెట్టగలదు. తేనెటీగల పెట్టెల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి.

చేపలు ఎండబెట్టే తీరగ్రామాల్లో కనిపించే ఈగల్లో ఎక్కువ భాగం నీలి, ఆకుపచ్చ మెరుపున్న వేరే జాతులు. అక్కడ సరుకు తినేది కాబట్టి ఉప్పు సరిగ్గా పట్టించడం, నేల మీద కాకుండా బల్లల మీద ఆరబెట్టడం, వల కప్పడం తప్ప దేన్నీ చల్లే మాటే లేదు.

తడి తగ్గితేనే ఏదైనా

పెంటలో తడి 50 శాతం కన్నా తగ్గితే ఈగ పురుగుకు బతుకు కష్టం, 30 శాతానికి వస్తే అసలు పెరగదు. కారే నిపిల్‌ను ఆ రోజే మార్చడం, షెడ్డు కింద గాలి ఆడేలా చుట్టూ గడ్డి కోయడం, వాననీరు లోపలికి రాకుండా గట్టు వేయడం, చచ్చిన కోళ్లను, పగిలిన గుడ్లను వెంటనే తీసి పూడ్చడం ఇందుకే. పెంట ఎత్తేటప్పుడు మొత్తం ఒకేసారి ఎత్తితే ఈగలను తినే పెంకుపురుగులు కూడా లారీ ఎక్కుతాయి. అడుగున ఒక పొడి పొర వదిలితే అవి మిగులుతాయి. చెరువు గట్టు మీద పోసిన పెంటను టార్పాలిన్‌తో గట్టిగా కప్పితే లోపలి వేడికే పురుగులు చస్తాయి.

ఇవి చేస్తున్న షెడ్డులో బూజు ఫలితం కనిపిస్తుంది, చేయని షెడ్డులో కనిపించదు. ఆ తేడాను కంటి అంచనాకు వదిలేయకుండా లెక్కించే పద్ధతి ఒకటి ఉంది, ఖర్చు దాదాపు లేనిది. మూడు అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల పొడవు ఉన్న తెల్ల అట్టముక్కలను ఈగలు వాలే దూలాలకు వారం పాటు తగిలించాలి. ఈగ వాలినప్పుడు వదిలే మచ్చలను వారం చివర లెక్కబెట్టాలి. కోళ్ల ఫారాల సలహాల్లో ఒక అట్ట మీద వారానికి 100 మచ్చలను హద్దుగా వాడతారు, అది దాటితే చర్య తీసుకోవాలి. రెండు షెడ్లు ఉన్నవారు ఒకదానిలో బవేరియా కొట్టి, రెండోదాన్ని మామూలుగా ఉంచి, శ్రావణం నుంచి కార్తీకం దాకా రెండింటి అట్టలనూ తేదీలు వేసి దాచుకోవచ్చు. ఈగల మీద పంచాయతీ దాకా వచ్చే గొడవల్లో ఆ అట్టలను ఊరివారూ, ఫారం యజమానీ ఎదురెదురుగా కూర్చుని లెక్కబెట్టుకోవచ్చు.